కప్పుకు ఇస్త్రీ

కంకర మిషన్ బెల్టు అది.
చంద్రగిరి అవతల మా ఆయన పనిచేసిన చోట
రాళ్ళు మోసి మోసి అరిగిపోతే
కేజీల లెక్కన అమ్మినారు.
నాలుగు సరుగుడు గుంజల మీద పరిచి
"ఇది తాత్కాలికం మునిరత్నా" అన్నాడు.
ఆయన పోయి ఏడేళ్ళు.
తాత్కాలికం ఇంకా నా నెత్తిన ఉంది.

కార్తీకం. మద్రాసు కాడ తుపానంట.
మూడు దినాలుగా కొర్లగుంటలో
ఏ దండెం మీదా గుడ్డ లేదు.
రేకు మీద వాన తిడుతుంది,
రబ్బరు మీద గొణుగుతుంది,
ఇచ్చిన బాకీ అడగలేని మనిషిలా.

ఆ గొణుగుడు మధ్యలో
టప్.
సరిగ్గా హెడ్మాస్టరు తెల్లచొక్కా జేబు మీద.
చొక్కా జరిపినా. చుక్కా జరిగింది.
గిన్నె పెడితే గిన్నె పక్కన,
తొట్టి పెడితే తొట్టి అంచున.
బెల్టు పొరల్లో ఎంత దూరం నడిచొస్తాయో నీళ్ళు,
కురిసే తావొకటి, చిల్లి ఉండే తావొకటి.

పక్క బంకులో పడుకున్న పంచర్ల జిలానీని లేపినా.
లుంగీ ఎగ్గట్టి, టార్చి నోట్లో కరుచుకుని
నిచ్చెన ఎక్కినాడు.
కాసేపు వెతికి, టార్చి తీసి అన్నాడు:
"ట్యూబయితే నీళ్ళలో ముంచితే బుడగలు చెప్తాయక్కా,
ఇది నీళ్ళలోనే ఉండాది, ఏం చెప్తాది?"
కింద నుంచి గొడుగు కమ్మీతో తడమమన్నాడు.
మెడ నొప్పెట్టేదాకా తడిమినా.
ఒక తావున కమ్మీ మెత్తగా దిగిపోయింది.
"ఆఁ ఆఁ, అదే!" పైన అరుపు,
దొంగ దొరికినంత సంబరం.

గరుకు కాగితంతో రుద్దినాడు.
సొల్యూషన్ పూసినాడు, ప్యాచి వేసినాడు.
జారింది.
మళ్ళీ వేసినాడు. మళ్ళీ జారింది, చేపపిల్లలా.
"తడి మీద ఏదీ అంటదక్కా."

అప్పుడు గుర్తొచ్చింది,
బల్ల కింద ఇస్త్రీ పెట్టె.
బొగ్గులు ఇంకా కన్ను మూయలేదు.
ఊది, విసిరి, పైకందిస్తే
"నాకు చేతకాదు, నువ్వే రా" అన్నాడు.

యాభై రెండేళ్ళ దాన్ని, అర్ధరాత్రి నిచ్చెన ఎక్కినా.
ఎవరింటి చెవులు కుట్టే పండగదో పాత ఫ్లెక్సీ
వాడు గుడారంలా పట్టుకున్నాడు.
నవ్వుతా ఉన్న పసిబిడ్డ బొమ్మ కింద
మోకాళ్ళ మీద వంగి,
దుప్పటి ముక్క అడ్డమేసి,
పట్టు పావడాలకూ పంచెలకూ పోలీసు ఖాకీలకూ
మడతలు పెట్టిన చేత్తో
కప్పుకు ఇస్త్రీ చేసినా.
ఆవిరి లేచింది.
ముందు కాలిన రబ్బరు వాసన,
దాని వెనక రాతి దుమ్ము వాసన,
ఆ వెనక
సాయంత్రం డ్యూటీ దిగి విప్పేసిన ఒక చొక్కా.
పెట్టె అక్కడే కాసేపు ఆగిపోయింది.

"చాలక్కా, మాడతాది! బొగ్గులు దూరం పెట్టు,
సొల్యూషన్‌కు అగ్గి పడదు."
ప్యాచి వేసి అరచేత్తో అదిమి
నూరు దాకా లెక్కపెట్టినాడు ఉర్దూలో.
అరవై కాడ తప్పి, మళ్ళీ మొదటికొచ్చినాడు.

దిగినాక అడిగినా, ఎన్నాళ్ళుంటుందని.
"ఎండొచ్చేదాకా. ఎండొస్తే గట్టిది వేస్తా."
"ఎంతియ్యాలి?"
"సైకిలుకైతే ఇరవై, మోటారుకు యాభై.
కప్పులకు ఇంకా రేటు కట్టలా."
చొక్కా విప్పమన్నా.
పిండి, పెట్టెలో మిగిలిన వేడంతా దాని మీద రుద్దినా.
తొడుక్కుని "కాలతా ఉంది" అని నవ్వినాడు.
గిన్నె మాత్రం తియ్యలేదు నేను.

అయిదో దినం ఎండొచ్చింది.
వానకు రోడ్డు మీద మేకులన్నీ తేలి
జిలానీ బంకు ముందర బండ్లే బండ్లు.
వాడు ఇటు చూళ్ళా. నేనూ పిలవలా.

హెడ్మాస్టరు వచ్చి చొక్కా విప్పి చూసుకుని
జేబు మీద గోధుమ రంగు మచ్చ తడిమి
"ఇదేమ్మా?" అన్నాడు.
"తాత్కాలికం సార్" అన్నా.